వృద్ధుల దీర్ఘరోగములు - చికిత్సాఫలమును కొలుచుట



మా నాయనమ్మ పక్షవాతము తగిలి యేడేండ్లు మంచము మీదనే యుండెను. నెలకొకమారు వైద్యుడు వచ్చి, నాడి చూచి, "అట్లే యున్నది" అని చెప్పి పోవుచుండెను. మొదటి యేట ఆమె యన్నము తానే కలుపుకొని తినుచుండెను. మూడవ యేట అది చేతకాకపోయెను. ఈ భేదమును మాలో నెవ్వరును వ్రాసి యుంచలేదు. వ్రాసి యుంచినచో నేమైన చేయగలిగి యుందుమా యను ప్రశ్న నన్ను నేటికిని విడువలేదు. దీర్ఘరోగములతో నున్న వృద్ధులకు చేయు చికిత్స యెంతవరకు ఫలించుచున్నదో కొలుచుట వైద్యు లెట్లు నేర్చుకొనిరో, ఆ చరిత్రను నేడు మీకు మనవి చేసెదను.

జ్వరమునకు మందిచ్చినచో తగ్గినదో లేదో తెలియును. శస్త్రచికిత్స జరిగినచో రోగి బ్రతికెనో లేదో లెక్కింపవచ్చును. పక్షవాతము, కీళ్ళవాతము, మధుమేహము అట్టివి కావు. అవి మనిషితోనే యుండును. కావున నయమైనవారి లెక్కగాని, మరణించినవారి లెక్కగాని యిచట చాలదు. ఏ లెక్కలోను చేరని రోగి క్రమముగా వైద్యుని దృష్టికిని దూరమగును.

ఇంగ్లండులో బీదల చట్టము క్రింద నడచిన వర్కుహౌసులలో నిదే జరిగెను. లండనుకు పడమటనున్న వెస్ట్ మిడిల్‌సెక్స్ ఆసుపత్రి 1935లో తన ప్రక్కనున్న వర్కుహౌసు వైద్యశాలను స్వాధీనము చేసికొనెను. అందలి 714 మంది దీర్ఘరోగులను చూచు భారము డాక్టరు మార్జొరీ వారెన్ అను వైద్యురాలిపై పడెను. వారిలో ననేకులు సరియైన రోగనిర్ణయమైనను లేకయే యేండ్ల తరబడి పడుకొని యుండిరి. ఆమె యొక్కొక్కరిని పరీక్షించి, రోగమును నిర్ణయించి, అవసరమును బట్టి వేరుపరచెను. లేవగలవారిని లేపి నడిపించెను. తుదకు 240 పడకలే చాలినవి. పడకలకు రోగులు వచ్చి పోవు వేగము మూడింతలయ్యెను. 1943లో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో నామె తన వాదమును ప్రకటించెను. వార్ధక్యము రోగము కాదనియు, పడక చికిత్స కాదనియు నామె పని చాటినది.

అయినను పడక ఖాళీ యగుట యొక్కటియే ఫలము కాజాలదు. పోయినవాడు తన యింట నడయాడుచున్నాడా, వేరొక మూల మంచము పట్టినాడా? ఈ ప్రశ్నకు పడకల లెక్క బదులు చెప్పదు. మనిషినే కొలువవలెను.

అమెరికాలోని క్లీవ్‌లాండు నగరమున సిడ్నీ కాట్జ్ అను వైద్యుడును, ఆయన సహచరులును అట్టి కొలతను 1963లో ప్రకటించిరి. స్నానము, బట్టలు కట్టుకొనుట, మరుగుదొడ్డికి పోయి వచ్చుట, మంచము దిగి లేచుట, మలమూత్రముల నాపుకొనుట, అన్నము తినుట: ఈ యారింటిని రోగి పరుల సాయము లేక చేసికొనగలడా యనునదే వారి ప్రశ్న. తుంటి యెముక విరిగిన వృద్ధులు మొదలగువారిని పరిశీలింపగా, ఈ శక్తులు తిరిగి వచ్చుటలో నొక క్రమము కనబడెను. అన్నము తినుట ముందు వచ్చును. స్నానము కడపట వచ్చును. పసిబిడ్డలు నేర్చుకొను వరుసయు నించుమించుగ నదే. 1965లో మహోనీ, బార్తెల్ అను వారలు నూరు మార్కుల కొలత నొకదానిని ప్రకటించిరి. నూరు మార్కులు వచ్చినంత మాత్రమున రోగి యొంటరిగా బ్రదుకగలడని యర్థము కాదని వారే హెచ్చరించిరి. కొలతకు హద్దు చెప్పుటయు శాస్త్రధర్మమే కదా!

1966లో అవెడిస్ డొనబేడియన్ అను పండితుడు వైద్యసేవ మంచిచెడ్డలను మూడు విధముల చూడవలెనని చెప్పెను: ఉన్న సాధనము లేవి, చేసిన పని యేది, రోగికి కలిగిన ఫల మేది. ఆసుపత్రి మేడలను, మందుబుడ్లను లెక్కించుట సులభము. మూడవ ప్రశ్నకు బదులు కావలెనన్నచో రోగి చెంతకు పోయి యడుగక తప్పదు.

కాట్జ్ వరుసను చదివిన దినమున నాకు మా నాయనమ్మ చేయి జ్ఞప్తికి వచ్చెను. ముసలితనమున సామాన్యముగా నన్నిటికంటె కడపట పోవు శక్తి భోజనశక్తి. అది పోవుచున్న దినములలో మేము "అట్లే యున్నది" అను మాట విని యూరట చెందితిమి.

మీ యింట వృద్ధు లుండినచో నొక పుస్తకము తీసి ఆ యారు పనులను వ్రాసికొనుడు. నెలకొకమారు ప్రతిదానికెదుట "తానే" అనియో, "సాయముతో" అనియో గుర్తించి, ఆ పుటను వైద్యునికి చూపుడు. ఏ మాట మారినదో దానిని గూర్చి యడుగుడు. మే మడుగలేదు.