ఫిఫా అండర్-17 మహిళల ప్రపంచ కప్

ఫిఫా అండర్-17 మహిళల ప్రపంచ కప్, పదిహేడేళ్ళ లోపు బాలికల జాతీయ జట్ల కొరకు అంతర్జాతీయ ఫుట్‌బాల్ సమాఖ్య (ఫిఫా) నిర్వహించే పోటీ. మొదటి పోటీలు 2008లో న్యూజీలాండ్‌లో జరిగాయి. 2025 వరకు తొమ్మిది పర్యాయాలు జరుగగా ఉత్తర కొరియా నాలుగు సార్లు (2008, 2016, 2024, 2025), స్పెయిన్ రెండు సార్లు (2018, 2022), దక్షిణ కొరియా (2010), ఫ్రాన్స్ (2012), జపాన్ (2014) ఒక్కొక్కసారి విజేతలుగా నిలిచాయి. మొదటి ఐదు ఫైనల్ పోటీలలోనూ ఆసియా జట్టు ఉండుట విశేషం. అయితే బాలికల స్థాయిలో ఇంత రాణించిన ఉత్తర కొరియా, పెద్దల మహిళా ప్రపంచ కప్‌లో క్వార్టర్ ఫైనల్‌ను దాటలేదు.

వయోపరిమితి

"అండర్-17" అనగా పోటీ నాటికి పదిహేడేళ్ళు నిండరాదని చాలామంది అనుకుంటారు. అది సరికాదు. ఇక్కడ లెక్కకు వచ్చేది పుట్టిన సంవత్సరం. 2022 పోటీలకు 2005 జనవరి 1 నుండి 2007 డిసెంబరు 31 వరకు జన్మించినవారు అర్హులు. పోటీలు రెండేళ్ళకొకసారి జరిగిన కాలంలో ఒక బాలికకు ఒక్క అవకాశం, మహా అయితే రెండు లభించేవి. ఒకటి తప్పిపోతే వయసు ఆగదు.

పోటీల విధానం

2024 వరకు 16 జట్లు నాలుగు గ్రూపులుగా ఆడేవి. 2025 నుండి జట్ల సంఖ్య 24కు పెరిగింది. 2025 నుండి 2029 వరకు ఏటేటా మొరాకోలోనే నిర్వహించాలని ఫిఫా నిర్ణయించింది. అక్కడ జరిగిన 2025 ఫైనల్‌లో ఉత్తర కొరియా 3-0 తేడాతో నెదర్లాండ్స్‌ను ఓడించింది.

భారతదేశంలో

2020 పోటీలు భారతదేశంలో జరుగవలసి ఉండగా కోవిడ్ కారణంగా మొదట 2021కి వాయిదా పడి, చివరకు రద్దయ్యాయి. ఆతిథ్య హక్కు 2022కు మారింది గాని ఆటగత్తెల వయసు మారలేదు. 2020 జట్టు కొరకు శిక్షణ పొందిన 2003, 2004 సంవత్సరాలలో పుట్టిన బాలికలు కొత్త వయోపరిమితి వలన అనర్హులయ్యారు. వారి ఆట లోపం ఇందులో ఏమీ లేదు.

2022 ఆగస్టులో మరో గండం వచ్చింది. అఖిల భారత ఫుట్‌బాల్ సమాఖ్య వ్యవహారాలలో బయటి జోక్యం ఉన్నదని ఫిఫా దానిని సస్పెండ్ చేసింది. ఆగస్టు 26న సస్పెన్షన్ ఎత్తివేయుటతో అక్టోబరు 11 నుండి 30 వరకు భువనేశ్వర్, మడ్గావ్, నవీ ముంబై నగరాలలో పోటీలు జరిగాయి. భారత గడ్డపై జరిగిన మొదటి ఫిఫా మహిళల పోటీలు ఇవే.

ఆతిథ్య దేశంగా నేరుగా ప్రవేశం పొందిన భారత జట్టుకు జార్ఖండ్‌కు చెందిన అస్తం ఒరావ్ నాయకత్వం వహించింది. భువనేశ్వర్‌లోని కళింగ స్టేడియంలో జట్టు అమెరికా చేతిలో 0-8, మొరాకో చేతిలో 0-3, బ్రెజిల్ చేతిలో 0-5 తేడాతో ఓడింది. నవీ ముంబైలో జరిగిన ఫైనల్‌లో స్పెయిన్ 1-0తో కొలంబియాపై గెలిచింది. ఆ ఏకైక గోలు కొలంబియా క్రీడాకారిణి పొరపాటున తమ గోల్‌లోకే పంపినది.

2025 అక్టోబరులో భారత బాలికలు ఉజ్బెకిస్తాన్‌ను 2-1తో ఓడించి 2026 అండర్-17 ఆసియా కప్‌కు అర్హత సాధించారు. ఆసియా జట్లు ప్రపంచ కప్‌కు చేరే మార్గం ఆ పోటీయే. అర్హత పోటీలలో గెలిచి భారత్ అందులో చోటు పొందుట ఇదే మొదటిసారి.