కీళ్లనొప్పులు: ఇంటివైద్యం చరిత్ర

కాపడం, మర్దన, ఆకుకట్టు, కషాయం, పథ్యం. కీళ్లు నొప్పి పెడితే ఇంట్లో చేసుకునే ఉపచారాలన్నీ దాదాపు ఈ అయిదింటిలో ఇమిడిపోతాయి. తెలుగునాట వీటికి కావలసిన సరంజామా పెరట్లో, వంటింట్లోనే దొరికేది: వావిలాకు, జిల్లేడు, చింతాకు, నల్లేరు, ఆముదం, శొంఠి, పసుపు. వీటిలో కొన్ని ప్రయోగశాలల పరీక్షకు నిలిచాయి, కొన్ని ఓడిపోయాయి. చాలావాటిని ఎవరూ సరిగ్గా పరీక్షించనే లేదు.

చరక సంహిత చికిత్సాస్థానం 28వ అధ్యాయం వాతవ్యాధులది. కీలులో వాతం చేరితే వాపు, కదిలిస్తే నొప్పి వస్తాయని అందులో ఉంది. అక్కడ చికిత్సంతా నూనె, వేడి చుట్టూనే తిరుగుతుంది. తర్వాత మాధవకరుడు తన నిదాన గ్రంథంలో ‘ఆమవాతం’ అనే జబ్బును విడిగా వర్ణించాడు. దీనికి నూనె మర్దన పనికిరాదని, వేడి ఇసుక మూటతో పొడి కాపడం పెట్టాలని వైద్యులు చెప్పారు. అరుగుదల వల్ల వచ్చే మోకాటి నొప్పి, ఒళ్లంతా పాకే కీళ్లవాపు ఒకటి కావన్న గ్రహింపు ఇందులో కనిపిస్తుంది. ఐరోపాలో రెండో రకానికి రుమటాయిడ్ ఆర్థరైటిస్ అని ఆల్ఫ్రెడ్ గారడ్ పేరు పెట్టింది 1859లో.

గ్రంథాల మాట అలా ఉంచితే, ఇళ్లలో రాజ్యమేలింది వావిలాకు. కాగులో ఆకు వేసి మరిగించిన నీళ్లతో బాలింతలకు స్నానం చేయించడం తెలుగు పల్లెల్లో పాత అలవాటు. నడుము పట్టేసిన పెద్దవాళ్లకూ అదే నీళ్లు. మోకాలికైతే జిల్లేడాకుకు ఆముదం రాసి, సెగ చూపించి, గుడ్డతో కట్టేవారు. జిల్లేడు పాలు కంట్లో పడితే చూపుకే ప్రమాదం కాబట్టి ఆకు తుంచే పని పిల్లలకు అప్పగించకూడదు. ఉప్పు మూట, ఇటుక కాపడం ఇంకా తేలిక. ఇన్ని రకాల్లోనూ ఉమ్మడిగా ఉన్నది వేడి. అది కీలు చుట్టూ బిగిసిన కండరాన్ని సడలించి, ఆ చోటికి రక్తప్రసరణ పెంచుతుంది. ఆకు గుణం ఎంత, వేడి గుణం ఎంత అంటే వేడికే ఎక్కువ మార్కులు వేయాలి. కీలు ఎర్రబడి కాలిపోతూ ఉంటే మాత్రం కాపడం కంటే ఐసు మూట మేలు.

ఆకూ బెరడూ సీసాల్లోకి చేరిన కథ ఇంగ్లండులో మొదలైంది. 1763లో ఎడ్వర్డ్ స్టోన్ అనే మతాచార్యుడు విల్లో చెట్టు బెరడు పొడి చలిజ్వరాన్ని తగ్గిస్తోందని రాయల్ సొసైటీకి లేఖ రాశాడు. 1876లో డండీ వైద్యుడు థామస్ మెక్లగన్ ఆ బెరడు నుంచి తీసిన సాలిసిన్‌ను కీళ్లజ్వరం రోగులపై వాడి ఫలితాలు ప్రకటించాడు. 1899లో అదే కోవకు చెందిన ఆస్పిరిన్ బజారుకొచ్చింది. దాని దగ్గరి చుట్టమే వింటర్‌గ్రీన్ నూనెలోని మిథైల్ సాలిసిలేట్. నొప్పి బాముల ఘాటులో పెద్ద వాటా దానిదే.

బాము అనగానే తెలుగువాళ్లకు గుర్తొచ్చేది అమృతాంజనం. కృష్ణా జిల్లా ఎలకుర్రులో పుట్టిన కాశీనాథుని నాగేశ్వరరావు 1893లో బొంబాయిలో దీన్ని ప్రారంభించారు. మొదట్లో సంగీత సభల్లో ఉచితంగా పంచారట. ఆ వ్యాపారంలో వచ్చిన డబ్బే ఆంధ్రపత్రికను నడిపింది. తలనొప్పికి పుట్టిన ఆ పసుపుపచ్చ సీసా మోకాళ్ల మీదికి దిగడానికి ఎవరి సిఫార్సూ అక్కర్లేకపోయింది.

మిరప సంగతి విచిత్రం. పోర్చుగీసువాళ్లు తెచ్చేదాకా మన దేశంలో మిరపకాయ లేదు కాబట్టి చరకుడికి దాని ఊసే తెలియదు. అందులో మంట పుట్టించే క్యాప్సైసిన్ నొప్పి నరాల మీద ఏ ద్వారాన్ని తడుతుందో 1997లో డేవిడ్ జూలియస్ బృందం కనిపెట్టింది. ఆయనకు 2021లో నోబెల్ వచ్చింది. క్యాప్సైసిన్‌ను మళ్లీ మళ్లీ రాస్తే ఆ నరం మొద్దుబారుతుంది. మోకాటి అరుగుదలకు ఈ లేపనాన్ని అమెరికా రుమటాలజీ వైద్యుల సంఘం 2019లో షరతులతో సిఫార్సు చేసింది. చేతి వేళ్లకు వద్దంది, ఆ చేత్తో కళ్లు నులుముకుంటారని. గుంటూరు కారం నూనెలో కలిపి రాసుకుంటే సరిపోదా అనుకోవద్దు. మోతాదు తెలియని మంట చర్మాన్ని కాలుస్తుంది.

పసుపుకు పేరు ఎక్కువ, ఒంటికి పట్టేది తక్కువ. 1998లో బెంగళూరు పరిశోధకులు మిరియాల్లోని పైపరిన్ జతచేస్తే మనుషుల్లో పసుపులోని కర్క్యుమిన్ శోషణ 2000 శాతం పెరిగిందని చూపారు. మిరియాలు వేసిన పసుపు పాలకు అలా ఒక సాక్ష్యం దొరికింది. అయితే రక్తాన్ని పలచబరిచే మందులు వాడేవారు పసుపు మాత్రల జోలికి డాక్టరును అడగకుండా వెళ్లకూడదు. మన అడవుల్లోని అందుగు చెట్టు జిగురును నాగపూర్‌లో 30 మంది మోకాటి రోగులపై పరీక్షిస్తే నొప్పి తగ్గింది. 2003లో వెలువడిన ఆ ఫలితం ఆశాజనకమే, కానీ పరీక్ష చిన్నది. రాగి కడియానికి ఆ పాటి అదృష్టమూ లేదు: 2013లో ఇంగ్లండులో వెలువడిన అధ్యయనంలో దానికీ ఉత్తుత్తి కడియానికీ తేడా తేలలేదు.

ఏ ఆకుకూ లొంగని కీళ్లనొప్పి కూడా తెలుగునేల చూసింది. 1937లో అప్పటి నెల్లూరు జిల్లా పల్లెల్లో నడుములు, కీళ్లు బిగుసుకుపోయిన మనుషులను వైద్యులు పరీక్షించి, తాగునీటిలోని ఫ్లోరైడే కారణమని రాశారు. ఆ తర్వాత నల్లగొండ పేరు దీనికి పర్యాయపదమైంది. పటిక, సున్నంతో నీటిలోని ఫ్లోరైడ్ తీసే పద్ధతికి ఆ జిల్లా పేరే పెట్టారు. ఇక్కడ వైద్యమంతా బిందెలోని నీళ్లు మార్చడమే.

ఇంటివైద్యంలో గట్టి రుజువున్నది నూనె సీసాలో దొరకదు. అమెరికాలోని ఫ్రామింగ్‌హామ్ అధ్యయనం ప్రకారం సుమారు అయిదు కిలోల బరువు తగ్గిన మహిళల్లో మోకాటి అరుగుదల ముప్పు సగానికి పైగా తగ్గింది. తొడ కండరానికి రోజూ వ్యాయామం, నడక దీనికి తోడు.

వాతం పొడుల పేరుతో వచ్చే పొట్లాలతో జాగ్రత్త. మూలికలదని అమ్మిన ఒక కీళ్లమందులో స్టెరాయిడ్ దాచి ఉందని 2022లో అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ హెచ్చరించింది. పొద్దున లేచాక గంటకు పైగా వేళ్లు బిగిసి ఉండి, రెండు చేతులూ వాచి, అది వారాల తరబడి సాగితే కాపడంతో సరిపెట్టక రుమటాలజిస్టుకు చూపించండి. రుమటాయిడ్ ఆర్థరైటిస్‌లో ఒకసారి దెబ్బతిన్న కీలు ఏ మందుతోనూ మునుపటిలా కాదు.