యాడికి రాయి, సంచి మీద సంఖ్య

అనంతపురం జిల్లా యాడికి చుట్టుపక్కల నేల అడుగున పరుచుకుని ఉన్నది నార్జి సున్నపురాయి. కడప జిల్లాలోని నార్జి ఊరి పేరే దానికి నిలిచిపోయింది. జియలాజికల్ సర్వేకు చెందిన విలియం కింగ్ 1872లో ఈ రాయి కూడా చేరిన కడప, కర్నూలు శిలాశ్రేణుల మీద పెద్ద గ్రంథం ప్రచురించాడు. ఆ రాయిని పొరలుగా తీస్తే ఇంటికి బండలవుతాయి, బట్టీలో కాలిస్తే సున్నమవుతుంది. బంకమట్టి, ఇనుము పాళ్లు సరిచూసి 1450 డిగ్రీల వేడిలో కాలిస్తే సిమెంటుకు ముడిసరుకైన క్లింకర్ వస్తుంది.

సున్నం రోజుల్లో సరుకు మంచిచెడ్డలు తేల్చింది బేల్దారి చెయ్యి. గానుగలో ఎంతసేపు తిరిగింది, వేళ్లకు ఎలా అంటుతోంది అన్నదే పరీక్ష. ఆ అనుభవాన్ని తీసిపారేయకుండా కాగితం మీద పెట్టడమే భారత ప్రమాణాల సంస్థ చేసిన మంచి పని. 1947లో పుట్టిన ఆ సంస్థ 1956లో కట్టడపు సున్నానికి ఐఎస్ 712 అనే ప్రమాణం రాసింది. తర్వాత పని జరిగేచోటే సున్నాన్ని పరీక్షించే పద్ధతులతో ఐఎస్ 1624 వచ్చింది. అందులో ఉండ పరీక్ష ఒకటి ఉంది. గట్టిగా కలిపిన సున్నపు ముద్దను ఉండచేసి, ఆరు గంటలు ఆరనిచ్చి, నీళ్లలో వేస్తారు. కాసేపట్లోనే విచ్చిపోతే అది నీటి తావున గట్టిపడని సున్నం. చెక్కుచెదరకపోతే నీళ్లలోనూ గట్టిపడే మేలురకం. దీనికి ఏ యంత్రమూ అక్కర్లేదు.

సిమెంటు దగ్గర చెయ్యి చాలలేదు. బ్రిటన్ 1904లో పోర్ట్‌లాండ్ సిమెంటుకు ప్రమాణం రాసుకుంది. మనకు ఐఎస్ 269 వచ్చింది 1951లో. పరీక్షకు వాడే ఇసుక కూడా ఒకప్పుడు ఇంగ్లండులోని లీటన్ బజర్డ్ నుంచి రావలసి ఉండేది. దాని చోటును మద్రాసు పక్కనున్న ఎన్నూరు ఇసుక తీసుకుంది. ఉష్ణోగ్రతా మారింది. ఐరోపాలో పరీక్ష 20 డిగ్రీల దగ్గర జరిగితే, మన ప్రయోగశాలకు 27 డిగ్రీలు నిర్ణయించారు. ప్రమాణమంటే అన్ని దేశాలకూ ఒకే రాత అనుకుంటాం గానీ, అందులోనూ ఊరి మట్టి, ఊరి ఎండ ఉంటాయి.

సంచి మీద సిమెంటు బలాన్ని చెప్పే 43, 53 గ్రేడు అంకెల వెనక పెద్ద పనే ఉంది. ఒక వంతు సిమెంటు, మూడు వంతుల ఎన్నూరు ఇసుక కలిపి, 70.6 మిల్లీమీటర్ల ఘనాలు పోస్తారు. ఒకరోజు తేమలో ఉంచి, అచ్చులు విప్పి నీళ్లలో ముంచుతారు. 3, 7, 28 రోజులకు తీసి యంత్రంలో నలగగొడతారు. 53 గ్రేడు అనిపించుకోవాలంటే 28వ రోజున ఆ చిన్న ఘనం సుమారు 27 టన్నుల బరువు మోయాలి.

1976లో 43కు, 1987లో 53కు విడివిడి ప్రమాణాలు వచ్చాయి. 2015లో 33 గ్రేడుతో సహా మూడూ ఐఎస్ 269 కిందికే చేరాయి. ఈలోగా 1982లో సిమెంటు ధరల అదుపు సడలి, 1989లో పూర్తిగా తొలగింది. ఫ్యాక్టరీలకు ఊపు వచ్చింది. తాడిపత్రి ప్రాంతంలో తలారిచెరువు, భోగసముద్రం, యాడికి మండలంలో బోయరెడ్డిపల్లి పేర్లు సిమెంటు పటంలో చేరాయి. బోయరెడ్డిపల్లి కర్మాగారం నడిపిన పెన్నా సిమెంట్ 2024లో అంబుజా చేతికి వెళ్లింది.

అంకె పెద్దదైతే సరుకు గొప్పదన్న నమ్మకం మాత్రం ఊళ్లలో గట్టిగా పాతుకుపోయింది. గోడకు పూత పూయడానికి 53 అవసరమే లేదు. పైగా త్వరగా గట్టిపడే సిమెంటు తొలి రోజుల్లోనే వేడి ఎక్కువ పుట్టిస్తుంది. అప్పుడే నీళ్లు సరిగా పట్టకపోతే బీటలిస్తుంది. బూడిద కలిసిన పోర్ట్‌లాండ్ పొజొలానా సిమెంటు(పీపీసీ)కి ఐఎస్ 1489 ఉంది. 28 రోజులకు అది చేరవలసింది 33కే, అయినా ఇంటి పనికి సరిపోతుంది. కాకపోతే అది నిదానంగా బలం పుంజుకుంటుంది కాబట్టి ఎక్కువ రోజులు తడిపి ఉంచాలి.

అసలు చిక్కు ఇక్కడే. ప్రయోగశాలలో ఘనం 27 డిగ్రీల నీళ్లలో హాయిగా మునిగి ఉంటుంది. యాడికిలో స్లాబు వేసేది వేసవిలో అయితే ఎండ 40 డిగ్రీలు దాటుతుంది. ఏడాదికి సగటున 550 మిల్లీమీటర్ల వాన చూసే జిల్లా ఇది. ఎండ, పొడిగాలి ఉన్నచోట కనీసం 10 రోజులు తడపాలని, పీపీసీ లాంటివైతే 14 రోజులకు పెంచడం మంచిదని కాంక్రీటు పనుల ప్రమాణమైన ఐఎస్ 456 చెబుతుంది. వాడే నీళ్లకూ హద్దు ఉంది: ఇనుము వేసిన కాంక్రీటులో కలిపే నీటిలో లీటరుకు 500 మిల్లీగ్రాములకు మించి క్లోరైడు ఉండకూడదు. బోరు ఉప్పునీళ్లే దిక్కైన ఊళ్లో, ట్యాంకరు కొనుక్కునే ఇంట్లో, ముందు కోతపడేది ఈ తడుపు రోజులకే. ఇళ్ల పథకాల అంచనాల్లో సిమెంటు, ఇనుము, ఇసుకలతోపాటు తడుపు (క్యూరింగు) నీటి ఖర్చును విడి పద్దుగా రాయాలి. పదిరోజులా పద్నాలుగా అన్నదీ అక్కడే తేల్చాలి.