కాంక్రీటు మీద ఎవరి చేతి గుర్తులు?

(మట్టి చేతుల చరిత్ర – 9వ భాగం)

మొన్న ఎల్లారెడ్డి నుంచి డిగ్రీ చదివే ఒక తమ్ముడు ఫోన్ చేసిండు. "అన్నా, దోస్తులతోని చండీగఢ్ పోయినం. గైడ్ అంత సేపు సిమెంటు బిల్డింగులే చూపించిండు. ఆర్కిటెక్ట్ పేరు ఇరవై సార్లు చెప్పిండు. కట్టినోళ్ల ముచ్చట ఒక్కసారి గూడ రాలే" అన్నడు. ఈ భాగం ఆ తమ్ముని కోసం, అసొంటి ప్రశ్న అడిగే అందరి కోసం.

ముందుగా ఆ కట్టడాల సంగతి. దేశ విభజనతో లాహోర్ పాకిస్తాన్‌కు పోయింది. పంజాబ్‌కు కొత్త రాజధాని కావాల్సి వచ్చింది. 1951లో ఆ పని లె కార్బుజియె చేతికి వచ్చింది. అసెంబ్లీ, హైకోర్టు, సెక్రటేరియట్ - మూడింటిలోనూ కాంక్రీటును చాలావరకు ప్లాస్టరింగ్ లేకుండా వదిలేసిండు. ఇట్లాంటి కాంక్రీటును ఫ్రెంచిలో 'బెటాన్ బ్రూట్' అంటరు, అంటే పచ్చి కాంక్రీటు. 'బ్రూటలిజం' అనే పేరు ఈ మాటతోనే ముడిపడి ఉంది. 2016లో యునెస్కో ఈ కట్టడాలను ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది. ఇప్పుడు టూరిస్టులను గైడ్ వెంట తిప్పి చూపిస్తున్నరు.

ఆ గోడల మీద చెక్క గీతలు కనబడతయి. అవి సెంట్రింగ్ పలకల అచ్చులు. మేస్త్రి పలక ఎట్ల కొట్టిండో, కూలీ మాల్ ఎట్ల పోసిండో ఆ గోడ దాచిపెట్టదు. అంటే, పనిచేసిన చేతిని బయటికి చూపే కట్టడం ఇది. దాని ముందు నిలబడి చేతి గురించి మాట్లాడకపోతే, ఆ టూర్‌లో చూపించింది ఏంది?

చండీగఢ్ కట్టేటప్పుడు ఆడవాళ్లు తలమీద తట్టలతో కాంక్రీటు మోసిన్రు. నగరం ప్లానులో గవర్నర్ నుంచి ప్యూన్ దాకా ఎవరి ఇల్లు ఎక్కడో గీసిన్రు. నగరాన్ని కట్టిన కూలీకి మాత్రం ఆ ప్లానులో జాగ లేదు. లేబర్ కాలనీల గుడిసెల్లోనే బతికిన్రు. ఊరికి బయట వాడ అనే లెక్క మనకు కొత్తదా మిత్రులారా? నిలువు గీతల నగరంలో కూడా అదే లెక్క నడిచింది.

గైడ్ నోరు తెరిస్తే ఏమైతదో లండన్ చూపించింది. థేమ్స్ నది మీద వాటర్లూ వంతెన ఉంది. కాంక్రీటు వంతెన, పైన రాతి తొడుగు. రెండో ప్రపంచ యుద్ధంలో మగవాళ్లు సైన్యానికి పోతే, ఆ పనిలో ఆడ కూలీలు పెద్ద సంఖ్యలో చేరిన్రు. 1945 డిసెంబరులో ప్రారంభం చేసిన మంత్రి హెర్బర్ట్ మోరిసన్ మగవాళ్లను మాత్రమే మెచ్చుకున్నడు. కాగితాల్లో ఆడవాళ్లు మాయమైన్రు. కానీ నది మీద టూరిస్టు పడవలు నడిపేటోళ్లు మాత్రం దాన్ని 'ఆడవాళ్ల వంతెన' అనే చెప్పుకుంట వచ్చిన్రు. ఆ నోటి మాటను పట్టుకొని క్రిస్టీన్ వాల్ అనే చరిత్రకారిణి వెతికింది. 2015లో ప్రభుత్వ వారసత్వ రికార్డులో ఆ ఆడ కూలీల పని చేరింది. డెబ్బై ఏండ్లు కాగితం అబద్ధం చెప్పింది, పడవ నడిపేటోడు నిజం చెప్పిండు.

అదే లండన్‌లో బార్బికన్ అనే పెద్ద కాంక్రీటు సముదాయం ఉంది. దానికీ గైడెడ్ టూర్లు ఉన్నయి. ఆ గోడల గరుకుదనం మిషన్ పని కాదు. గట్టిపడ్డ కాంక్రీటును కార్మికులు సుత్తి యంత్రాలు చేతబట్టి చెక్కిన్రు. 1966-67లో అక్కడ పెద్ద సమ్మె జరిగింది. తర్వాత ఆ కార్మికుల మాటలను పరిశోధకులు రికార్డు చేసి భద్రపరిచిన్రు.

ఇగ మన దగ్గరికి వద్దాం. కామారెడ్డి జిల్లాలో మంజీర మీద నిజాంసాగర్ ఉంది. 1923లో మొదలై 1931లో పూర్తయింది. ఇది కాంక్రీటు కాదు, రాతి కట్టడం. రూపకర్త నవాబ్ అలీ నవాజ్ జంగ్. ఆయన పుట్టినరోజు జులై 11ను తెలంగాణ ఇంజనీర్స్ డేగా జరుపుతున్నరు. జరపాల్సిందే, గొప్ప ఇంజనీరు. మరి రాయి కొట్టిన వడ్డెరలకు, మట్టి మోసిన మాల మాదిగలకు, ముంపుల ఊరు వదిలినోళ్లకు ఏ రోజు ఉంది?

బాబాసాహెబ్ 1942 నుంచి 1946 దాకా వైస్రాయ్ కౌన్సిల్‌లో లేబర్ మెంబర్. నీటిపారుదల, కరెంటు కూడా ఆయన శాఖ కిందనే ఉండేవి. దామోదర్ లోయ ప్రాజెక్టుకు పునాది ఆలోచన అక్కడ నడిచింది. ఫ్యాక్టరీల్లో వారానికి 54 గంటల పనిని 48కి తగ్గించే సవరణ ఆయన తెచ్చిందే. ఆనకట్టనూ కూలీనీ ఒకే బల్ల మీద పెట్టి చూసిన మనిషి ఆయన. కానీ తట్ట మోసే కూలీ ఆ ఫ్యాక్టరీ గేటు లోపల లేడు. భవన నిర్మాణ కార్మికులకు ప్రత్యేక కేంద్ర చట్టం రావడానికి 1996 దాకా ఆగాల్సి వచ్చింది.

మా అమ్మ స్లాబ్ పోసే కాడ తట్టలు అందించింది. మా చిన్నాయన గల్ఫ్‌ల సలాక కట్టిండు. కామారెడ్డి, ఎల్లారెడ్డి దిక్కు ఇట్లాంటి ఇల్లు లేని వాడ ఉండదు. దుబాయ్ పోయి బిల్డింగుల ముందు ఫోటోలు దిగేటోళ్లకు తెల్వది, ఆ అంతస్తుల్లో మన వాడ చెమట ఉందని.

అందుకే ఒక మాట. వచ్చే జులై 11న నిజాంసాగర్ పోదాం. మెదక్ దారిలో పోచారం చెరువు కట్ట మీద గూడ ఆగుదాం. గైడ్లం మనమే. పోయే ముందు ప్రతి ఒక్కరు తమ వాడలో ఒక ముసలవ్వనో తాతనో కూసోబెట్టి మూడు ప్రశ్నలు అడగాలె: ఏం కట్టినవ్? ఎంత కూలి ఇచ్చిన్రు? ఎవరు దెబ్బలు తగిలి పోయిన్రు? ఫోన్‌ల రికార్డు చెయ్యండి. తారీఖు, ఊరు పేరు రాయండి. చెప్పినోళ్లు ఒప్పుకుంటేనే వాళ్ల పేరు పెట్టండి.

పడవ నడిపేటోడు చేసిన పని మనం చెయ్యలేమా? అవ్వలు పోతున్నరు, తొందరగా మొదలుపెడదాం.

జై భీమ్.

(10వ భాగం వచ్చే ఆదివారం)