మబ్బు పడితే వణికే పిల్లలు: వరద భయం నుంచి బయటపడేసేదెలా?

2023 జులై ఆఖరి వారం వానల్ని వరంగల్ మర్చిపోలేదు. ములుగు జిల్లా లక్ష్మీదేవిపేటలో ఒక్క రోజులోనే 649.8 మిల్లీమీటర్ల వాన పడింది. నగరంలో ఎన్టీఆర్ నగర్, హంటర్ రోడ్ మునిగాయి. ఎనుమాముల వైపు లోతట్టు కాలనీల్లోకీ నీళ్లొచ్చాయి. 2025 అక్టోబరు చివర్లో మొంథా తుపానుకు నగరంలో మళ్లీ కాలనీలు మునిగాయి. ఇల్లు కడుక్కున్నాం, తడిసిన సామాను బయటపడేశాం. పిల్లల మనసులో మిగిలిపోయిన భయం సంగతేంటి?

భయం ఎలా బయటపడుతుంది?

మూడు నుంచి ఆరేళ్ల పిల్లలు 'నాకు భయమేస్తోంది' అని చెప్పలేరు. చేతల్లో చూపిస్తారు. మానేసిన పక్క తడపడం మళ్లీ మొదలవుతుంది. రాత్రి ఉలిక్కిపడి లేస్తారు. అమ్మీని బాత్రూంకి కూడా పోనివ్వరు. కడుపునొప్పి అంటారు, చిన్నదానికే కోపం చేస్తారు. ఇది మొండితనం కాదు, దడుసుకున్న పిల్లల లక్షణం.

కొందరు అదే ఆట మళ్లీ మళ్లీ ఆడతారు. బకెట్లో బొమ్మల్ని ముంచుతారు. 1976లో అమెరికాలోని కాలిఫోర్నియాలో 26 మంది పిల్లలున్న స్కూల్ బస్సును దుండగులు ఎత్తుకెళ్లారు. పిల్లలంతా ప్రాణాలతో బయటపడ్డారు. తర్వాత వాళ్లను ఏళ్ల తరబడి పరిశీలించిన డాక్టర్ లెనోర్ టెర్ కూడా ఇలాంటి ఆటలే చూశారు. ఆటను ఆపొద్దు, పక్కన కూర్చోండి. 'ఈ బొమ్మను ఎవరు కాపాడతారు?' అని అడగండి. కథ కాపాడటం దాకా వెళ్తే మంచిదే. ఎన్నిసార్లు ఆడినా ముంచడం దగ్గరే ఆగి, పిల్లాడు ఇంకా బెదిరిపోతుంటే డాక్టర్‌కి చెప్పాలి.

ఇంట్లో ఏం చేయాలి?

నిజం చెప్పండి. 'ఏం కాలేదు, మర్చిపో' అనొద్దు. 'ఆ రోజు నీళ్లు ఒక్కసారిగా వచ్చాయి. నువ్వు భయపడ్డావు, మేమూ భయపడ్డాం. అందరం బయటికొచ్చాం. ఇప్పుడు కలిసే ఉన్నాం' అంటే చాలు. 'ఇంక వరద రాదు' అని మాటివ్వొద్దు. దానికి బదులు, వస్తే ఏం చేస్తామో చెప్పండి: ఎవరు ఎత్తుకుంటారు, ఎవరింటికి వెళ్తాం, సంచిలో ఏముంటుంది. ఆ సంచిలో తన బొమ్మ ఒకటి తననే పెట్టమనండి.

రోజూ ఒకే టైంకి తిండి, నిద్ర ఉండేలా చూడండి. రోజంతా ఎలా గడుస్తుందో ముందే తెలిస్తే పిల్లలకు ధైర్యం వస్తుంది. మిర్చి సీజన్లో ఎనుమాముల మార్కెట్‌కి తెల్లారకముందే పనికి పోయే తల్లిదండ్రులు చాలామంది. పిల్లాడు నిద్రలో ఉండగా చెప్పకుండా వెళ్తే భయం పెరుగుతుంది. రాత్రే చెప్పండి: 'పొద్దున దాదీ దగ్గర ఉంటావ్, అస్ర్ అజాన్ టైంకి వచ్చేస్తా.' చెప్పిన టైంకి రండి. ఆలస్యమైతే ఫోన్ చేసి గొంతు వినిపించండి.

భయాన్ని మెట్లు మెట్లుగా తగ్గించాలి. మొదట ఒళ్లో కూర్చోబెట్టుకుని కిటికీలోంచి వాన చూపించండి. కొన్ని రోజులకు గడప దగ్గర చెయ్యి చాపి చినుకులు పట్టించండి. ఆ తర్వాత గొడుగు కింద నాలుగు అడుగులు. వద్దంటే ఒక మెట్టు కిందికి దిగండి. బలవంతంగా వానలోకి లాగితే పని చెడుతుంది. ఎప్పటికీ తలుపులు మూసి దాచిపెడితే భయం అలాగే ఉండిపోతుంది.

ఏం చేయకూడదు?

వరద వీడియోలు పిల్లల ముందు పెట్టొద్దు. అది పాత వీడియో అని చిన్నపిల్లలకు తెలియదు, మళ్లీ జరుగుతోందనుకుంటారు. అన్నం తినకపోతే 'నీళ్లొస్తాయ్' అని బెదిరించొద్దు. సరదాకి కూడా ఇంకొకరిని భయపెట్టకూడదని ప్రవక్త (స) చెప్పినట్టు అబూ దావూద్ హదీసుల్లో ఉంది. పిల్లల విషయంలో ఇది ఇంకా గుర్తుంచుకోవాలి. 'మగపిల్లాడివి, ఏడుస్తావా' అనే మాటా వద్దు.

దువా, దమ్ సంగతి?

పడుకునే ముందు అమ్మీ చదివే దువా, తల మీద చెయ్యి పిల్లలకు పెద్ద ఊరట. పెద్దల దగ్గర దమ్ చేయించే కుటుంబాలూ ఉన్నాయి. అయితే దానితోనే సరిపెట్టి డాక్టర్ దగ్గరికి పోవడం ఆలస్యం చేయొద్దు. వరద తర్వాత జ్వరం వస్తే 'జడుపు జ్వరం' అని వదిలేయొద్దు. డెంగీ, టైఫాయిడ్ కావచ్చు, రక్తపరీక్ష అవసరం పడొచ్చు.

డాక్టర్‌కి ఎప్పుడు చూపించాలి?

చాలామంది పిల్లలు కొన్ని వారాల్లో మామూలవుతారు. నెల దాటినా నిద్ర, తిండి, బడి దెబ్బతింటుంటే చూపించాలి. మాట తగ్గిపోయినా, వచ్చిన పనులు మర్చిపోయినా, తనను తాను కొట్టుకుంటున్నా నెల దాకా ఆగొద్దు. వరంగల్ ఎంజీఎం ఆస్పత్రిలో పిల్లల విభాగం, మానసిక వైద్య విభాగం రెండూ ఉన్నాయి. ఇంటి నుంచే మాట్లాడాలంటే టెలి మానస్ నంబర్ 14416. ఉచితం, రాత్రీ పగలూ తెలుగులో మాట్లాడొచ్చు. పిల్లలు ఆపదలో ఉంటే 1098కి ఫోన్ చేయండి.

పెద్దల గురించీ ఒక మాట. మబ్బు పట్టగానే ఇంట్లో పెద్దలు కంగారుపడితే పిల్లలు ఆ ముఖాలే చూస్తారు. మీకూ నిద్ర పట్టకపోతే అదే 14416కి మీ కోసం ఫోన్ చేయండి. అమ్మీ, అబ్బా కుదుటపడితే పిల్లలు సగం కుదుటపడ్డట్టే.