విద్యుచ్ఛకటాల మజిలీలు

మొన్న సంక్రాంతికి మా అబ్బాయి విద్యుత్తు కారులో హైదరాబాదు నుండి విజయవాడకు వస్తూ, నడిమి దారిలో ఛార్జింగు కోసం ఆగాము. ఫోనులోని పటం రెండు యంత్రాలున్నాయన్నది. ఉన్నవి. ఒకటి చెడిపోయినది, రెండవదాని ముందు అప్పటికే మూడు కార్లు. నాకు ఏనుగుల వీరాస్వామయ్యగారు జ్ఞప్తికి వచ్చారు. 1830లో చెన్నపట్టణం నుండి కాశీకి బయలుదేరిన ఆయన, మజిలీ మజిలీకీ నీళ్ళు దొరుకునా, అంగళ్ళున్నవా, దిగేందుకు వసతి ఉన్నదా అని వ్రాసుకుంటూ పోయారు. (మజిలీ అన్నది అరబ్బీ 'మంజిల్' నుండి వచ్చిన మాటే. తెలుగు పంతులు బుద్ధి, ఎక్కడికి పోతుంది!)

ఈ చిక్కు నిన్న మొన్నటిదని మనమనుకుంటాం. 1900లో అమెరికాలో తయారైన 4,192 మోటారు బళ్ళలో ఆవిరివి 1,681, విద్యుత్తువి 1,575. పెట్రోలువి 936 మాత్రమే. విద్యుత్తు బండికి పొగ లేదు, హోరు లేదు. ఊరు దాటితేనే గండం. బ్యాటరీకి ఏకముఖ విద్యుత్తు కావాలి. చాలా ఊళ్ళలో ఉన్నది ఏకాంతర విద్యుత్తు. దానిని మార్చడానికి పీటర్ కూపర్ హ్యూయిట్ 1902లో పాదరసపు ఆవిరి గొట్టాన్ని కనిపెట్టాడు. నాణెం వేస్తే విద్యుత్తునిచ్చే వీధి స్తంభాన్ని 'ఎలెక్ట్రాంట్' పేరిట జనరల్ ఎలెక్ట్రిక్ వారు తలపెట్టారు గాని, అది వ్యాపించలేదు.

నాకు ముచ్చట గొలిపినది హార్ట్‌ఫర్డ్ పట్టణపు విద్యుత్తు కంపెనీ చేసిన పని. కొన్నవారిది బండి మాత్రమే, బ్యాటరీ కంపెనీది. ఖాళీ అయినదానిని దించి నిండినదానిని ఎక్కించేవారు. నెలకింత రుసుము, నడిచిన మైలుకింత. బ్యాటరీ చెడితే నష్టం కంపెనీదే కనుక, దానిని బాగుగా ఉంచవలసిన అక్కఱ కూడా వారిదే! 1924 వరకు ఇది సాగింది. కాని అప్పటికే పెట్రోలు కిరాణా కొట్టులో సైతం డబ్బాలలో దొరుకుతూ వచ్చింది; 1912లో కాడిలాక్ కారుకు మీట నొక్కితే కదిలే యంత్రం అమరింది. ఇక చెప్పేదేమున్నది?

మన దేశంలో ఛార్జింగు కేంద్రానికి విద్యుత్ లైసెన్సు అక్కఱలేదని 2018 ఏప్రిలులో తేల్చారు. ఆ డిసెంబరు మార్గదర్శకాలు రహదారికి ఇరువైపులా ప్రతి 25 కిలోమీటర్లకొక కేంద్రమన్నవి. 2024లో 'పీఎం ఈ-డ్రైవ్' కింద 2,000 కోట్లు కేటాయించారు. అన్నీ నెలకొల్పే లెక్కలే. బ్రిటను 2023లో చేసిన నిబంధన వేరు: వేగపు ఛార్జర్ల యాజమాన్యం తన యంత్రాలు ఏడాదిలో సగటున 99 శాతం కాలం పనిచేసేలా చూడాలి. హార్ట్‌ఫర్డ్ వారికి ఆ నిబంధనతో పనిలేకపోయింది.

మా వంతు రావడానికి గంటన్నర పట్టింది. ఊరకే కూర్చోలేక చిన్న పుస్తకంలో వ్రాసుకున్నాను: యంత్రాలు రెండు, పనిచేసేది ఒకటి. మంచినీళ్ళు ఉన్నవి. నీడ లేదు.