చూరు కింది వెలుగు

ఫోటోకు మనవాళ్ళు పెట్టుకున్న పేరు ఛాయాచిత్రం. ఇంగ్లీషువాళ్ళ ఫోటోగ్రఫీ అనే మాటను 1839లో సర్ జాన్ హెర్షెల్ అనే శాస్త్రజ్ఞుడు ప్రచారంలోకి తెచ్చాడు. వెలుగుతో రాయడం అని దాని అర్థం. వాళ్ళు వెలుగు అన్నచోట మనం నీడ అన్నాం. ఛాయ అంటే నీడ. పోలిక అనీ అర్థం ఉంది. చామనఛాయ అన్నప్పుడు అదే ఒంటి రంగు. మనిషి ముఖాన్ని పటం కట్టే పని వరకూ చూసుకుంటే, ఈ మూడు అర్థాలనూ ఒకచోట చేర్చిన మన పేరే ఎక్కువ నిజమని నాకు తోస్తుంది. ఎండలో కంటే నీడలోనే ముఖం ముఖంలా పడుతుంది. స్టూడియోల చరిత్రలో చాలా భాగం, ఆ నీడను నాలుగు గోడల మధ్య పట్టి ఉంచడానికి చేసిన ప్రయత్నమే.

నీడ అన్నాను గాని, గది లోపలి చీకటి గురించి కాదు. నెత్తిమీద కప్పు ఉండాలి, ఎదుట ఆకాశం తెరిపిగా ఉండాలి. వసారా అంచు, వీధి అరుగు, గుడి మండపం మొదటి మెట్టు అటువంటి చోట్లు. ఫిల్ము డబ్బాలో మడత పెట్టి వచ్చే కాగితం మీద ఎండకు ఒక బొమ్మ, మబ్బుకు ఒక బొమ్మ, ఈ ఆరుబయటి నీడకు ఒక బొమ్మ వేసి, దేనికి ఎంత వెలుగు లోపలికి పంపాలో చెప్పేవారు. నడి ఎండతో పోలిస్తే ఈ నీడలో వెలుగు సుమారు ఎనిమిదో వంతు. తక్కువే. అయితే అది వచ్చే దారి వేరు. సూర్యబింబం మనకంటికి అర డిగ్రీ వెడల్పు మాత్రమే. అంత చిన్న దీపం నుంచి వచ్చే వెలుగు కత్తితో గీసినట్టు నీడలు వేస్తుంది. మధ్యాహ్నం కనుబొమల నీడ కళ్ళను మింగేస్తుంది, ముక్కు నీడ పెదవి మీద మీసంలా పడుతుంది. చూరు కింద కూర్చున్న మనిషికి దీపం సూర్యుడు కాదు, ఎదుట ఉన్న ఆకాశం మొత్తం. అంత పెద్ద దీపం వేసే నీడకు అంచు ఉండదు. పైన కప్పు ఉంది కనుక వెలుగు నడినెత్తిన పడక ఎదుటినుంచే వస్తుంది. కనుగుంటలు నిండుతాయి. వాకిలి మట్టి, ఎదురింటి సున్నపు గోడ మీద పడ్డ ఎండ తిరిగి వచ్చి గడ్డం కింద చీకటిని కూడా కొంత తీసేస్తుంది.

తొలి రోజుల్లో ఇంత తీరిక లేదు. 1839లో దగేర్ పద్ధతిని ఫ్రాన్సులో లోకానికి వెల్లడించినప్పుడు ఆ పలక మీద బొమ్మ పడటానికి నిమిషాల కొద్దీ పట్టేది. మనిషి కదలకుండా ఉండలేడు కాబట్టి వీలైనంత ఎండ కావాల్సి వచ్చింది. 1841లో రిచర్డ్ బియర్డ్ లండన్‌లో రీజెంట్ వీధి పాలిటెక్నిక్ సంస్థ భవనం పైన స్టూడియో తెరిచాడు. కప్పుకు నీలం గాజు వేయించాడు. ఆనాటి పలకలకు నీలం వెలుగే ప్రధానం. నీలం గాజు పలకకు కావలసినదాన్ని లోపలికి రానిచ్చి, కంటిని బాధించే మిరుమిట్లను తగ్గించేది. తల కదలకుండా వెనక ఇనుప పట్టీ ఉండేది. ఆ కాలపు పటాల్లో జనం అంత బిగుసుకుపోయి కనపడటానికి వారి స్వభావం కంటే ఆ ఇనుము ఎక్కువ కారణం.

1843లో స్కాట్లండ్ క్రైస్తవ సంఘం రెండుగా చీలింది. నాలుగు వందలకు పైగా మతగురువులు పాత సంఘం వదిలి బయటికి వచ్చారు. ఆ ఘట్టాన్ని పెద్ద చిత్రంగా వేయాలని డేవిడ్ ఆక్టేవియస్ హిల్ అనే చిత్రకారుడు పూనుకున్నాడు. అన్ని ముఖాలు గుర్తు పెట్టుకోవడం ఎలా అని రాబర్ట్ ఆడమ్సన్ అనే యువకుడితో చేయి కలిపాడు. ఎడింబరోలో కాల్టన్ కొండ మీద ఇంటి బయట కుర్చీలు, పుస్తకాలు, తెరలు సర్ది, ఇంటి లోపల కూర్చున్నట్టు భ్రమ కల్పించి ఎండలో ఫోటోలు తీశారు. ఆడమ్సన్ 1848లో ఇరవయ్యారేళ్ళకే చనిపోయాడు. 457 ముఖాలతో హిల్ ఆ చిత్రాన్ని పూర్తిచేసే సరికి 1866 వచ్చింది. ఇవాళ ఆ చిత్రాన్ని తలిచేవారు తక్కువ. దానికోసం చిత్తులా తీసిన ఫోటోలనే లోకం తలుస్తుంది. ముఖ్యంగా ఎడింబరో పక్కన న్యూహేవెన్ అనే పల్లెలో చేపల బుట్టలతో నిలుచున్న బెస్తవారి ఫోటోలను. మన గోపాలపురం తీరంలో గంపలు మోసే తెలుగువాళ్ళను ఎరిగినవారికి ఆ ముఖాలు పరాయివిగా అనిపించవు.

1851లో ఫ్రెడరిక్ స్కాట్ ఆర్చర్ కొలోడియన్ గాజుపలక పద్ధతి ప్రకటించాక కాలం సెకన్లలోకి దిగింది. అప్పుడు గాని ఎండను వదిలిపెట్టే వెసులుబాటు రాలేదు. స్టూడియోలు ఉత్తరం వైపు వాలుగా గాజు కప్పు పెట్టుకున్నాయి. లండన్‌లోనూ ఎడింబరోలోనూ ఉత్తరపు కిటికీలోకి ఏడాది పొడుగునా మధ్యాహ్నపు ఎండ రాదు. ఆకాశపు వెలుగే వస్తుంది. డబ్బు పోసి కట్టిన ఆ గాజుల గది ఇచ్చేది ఏమిటి? మన చూరు ఉచితంగా ఇచ్చేదే.

ఈ విద్య మన దేశానికి ఆలస్యంగా రాలేదు. బొంబాయిలో 1854లోనూ, కలకత్తా, మద్రాసుల్లో 1856లోనూ ఫోటోగ్రాఫిక్ సొసైటీలు వెలిశాయి. మద్రాసులో దానికి పూనుకున్నవాడు అక్కడి చిత్రకళాశాల స్థాపించిన డాక్టర్ అలెగ్జాండర్ హంటర్. అప్పటికి గంజాం, బళ్ళారి, హోసూరు అన్నీ మద్రాసు రాజధాని కిందివే. ఈ పత్రిక చదివే మనలో చాలామంది ముత్తాతల ఊళ్ళు అవే. అటు నిజాం రాజ్యంలో లాలా దీన్‌దయాళ్ సికిందరాబాదులో స్టూడియో పెట్టాడు. పరదా పాటించే స్త్రీల కోసం 1892లో హైదరాబాదులో ప్రత్యేకంగా జనానా స్టూడియో తెరిచి, దాని నిర్వహణ ఒక ఇంగ్లీషు మహిళకు అప్పగించాడు.

అయితే సీమ పుస్తకంలోని సూత్రం ఇక్కడ యథాతథంగా చెల్లదు. మద్రాసు పదమూడో అక్షాంశం మీద ఉంది. ఏప్రిల్ ఆఖరి వారం నుంచి ఆగస్టు మూడో వారం దాకా మధ్యాహ్నం సూర్యుడు అక్కడ నడినెత్తికి ఉత్తరంగానే ఉంటాడు. మా బరంపురంలో మే మధ్య నుంచి జూలై ఆఖరు దాకా అదే పరిస్థితి. ఉత్తరపు గాజులోంచి ఎండ నేరుగా లోపలికి దిగుతుంది. అందుకని ఈ దేశంలో గాజుకప్పు ఒక్కటీ సరిపోదు. తెరలు కావాలి, పందిరి కావాలి, లోతైన చూరు కావాలి. మన ఇళ్ళు కట్టిన మేస్త్రీలు ఆ లెక్క ఎప్పుడో తేల్చారు. ఎండ లోపలికి రాకూడదు, వెలుగు రావాలి అన్నదే కదా వసారా కట్టడంలోని మొదటి నియమం.

రెండో తేడా ఒంటి రంగుది. నీలాన్ని మాత్రమే బాగా గుర్తించే ఆ పలకలకు పసుపు, ఎరుపు రంగులు దాదాపు చీకటే. పసుపు రాసుకున్న ముఖం నల్లబడుతుంది. కుంకుమ బొట్టు కాటుక చుక్క అవుతుంది. చామనఛాయ మనిషి మరో రెండు ఛాయలు తగ్గుతాడు. మల్లెపూలు మాత్రం తెల్లగా మెరుస్తాయి. మన పాత పటాల్లో ముత్తవ్వ నల్లగా, నిప్పులాంటి కళ్ళతో కనిపిస్తే ఆమె రంగు అదేనని తీర్మానించకండి. అది పలక చెప్పిన మాట. 1873లో హెర్మన్ ఫోగెల్ పలకలో అద్దకం రంగులు కలిపి ఈ లోపం తగ్గించే దారి కనిపెట్టాడు. అన్ని రంగులనూ చూడగల పలకలు 1906 నుంచి బజారులోకి వచ్చాయి.

ఇందులో నీడకు అనుకూలమైన సంగతి ఒకటుంది. నీలి ఆకాశం కింది నీడలో ఎక్కువగా ఉండేది నీలం వెలుగే. కంటికి మసకగా తోచినా ఆ పాత పలకకు అది అంత మసక కాదు. రంగు ఫిల్ములు వచ్చాక ఇదే నీలం తలనొప్పి అయింది. నీడలో తీసిన ముఖాలు చలికి కమిలినట్టు వచ్చేవి. దాన్ని విరవడానికి లేత గులాబీ రంగు ఫిల్టరు కటకం ముందు తగిలించేవారు. ఇప్పటి డిజిటల్ కెమెరాల్లో ఆ పని చేయడానికి ఒక మీట ఉంది. దాని గుర్తు ఏమిటో చూడండి: ఒక చిన్న ఇల్లు, పక్కన దాని నీడ.

1877లో లండన్‌లో వాన్‌డర్ వైడ్ కరెంటు దీపాలతో స్టూడియో నడిపాడు. 1887లో మెగ్నీషియం మెరుపు పొడి, 1930 ప్రాంతంలో మెరుపు బల్బులు వచ్చాయి. గాజు కప్పుల మీద క్రమంగా రేకులు పడ్డాయి. అయినా చేతిలో అన్ని దీపాలూ ఉన్న మనిషి తిరిగి ఆకాశం వైపే వెళ్ళిన ఉదాహరణ ఒకటి ఉంది. న్యూయార్కు ఫ్యాషన్ పత్రికలకు పనిచేసిన ఇర్వింగ్ పెన్, 1948 డిసెంబరులో పెరూ దేశపు కుస్కో పట్టణంలో అక్కడి ఫోటోగ్రాఫరు స్టూడియోను అద్దెకు తీసుకుని, దాని పగటి వెలుగులోనే కొండ పల్లెల జనాన్ని ఫోటోలు తీశాడు. తర్వాత నేపాల్, ఆఫ్రికా, న్యూగినీలకు ఒక డేరా మోసుకువెళ్ళి, దాని ఒక వైపు తెరిచి అదే వెలుగు సంపాదించాడు. 1974లో వచ్చిన ‘వరల్డ్స్ ఇన్ ఎ స్మాల్ రూమ్’ పుస్తకంలో ఆ ముఖాలున్నాయి. ఒక వైపు తెరిచిన డేరా అంటే మోసుకుపోగల వసారా.

మన ఊళ్ళ ఫోటోగ్రాఫర్లకు ఇదంతా ఎవరూ చెప్పనక్కర్లేదు. 1993లో ఓటరు ఫోటో గుర్తింపు కార్డులు వచ్చాయి. ఆ దశాబ్దంలోనే బ్యాంకు ఖాతాకూ ఫోటో అడగడం మొదలైంది. గంజాం పల్లెల్లో పనిచేసిన రోజుల్లో మా శాఖ వసారాలోనే ఫోటోలు తీయడం చూశాను. గోడకు మేకులు కొట్టి నీలం గుడ్డ కట్టేవాడు. స్టూలు గోడకు ఆనించేవాడు కాదు, ఎండ గీతకు రెండు మూరలు ఇవతల వేసేవాడు. మరీ లోపలికి జరిగితే ముఖం చప్పబడుతుందనీ, గీత దాటితే కళ్ళు మూసుకుపోతాయనీ అతనికి తెలుసు. చెట్టు కింద తీయమంటే ఒప్పుకునేవాడు కాదు. ఆకుల సందుల్లోంచి పడే ఎండ మచ్చలు ముఖాన్ని పొడల పాములా చేస్తాయి. బ్యాంకులో ఫోటో ఉండేది అందానికి కాదు, ఎదుట నిలుచున్న మనిషి ఖాతాదారుడేనా అని పోల్చుకోవడానికి. నా అనుభవంలో మెరుపు బల్బుతో తీసిన ఫోటోల కంటే వసారాలో తీసినవాటితో మనిషిని పోల్చుకోవడం తేలిక. వెలుగు ఎదుటినుంచి వచ్చినప్పుడు కళ్ళు దొరుకుతాయి.

మీ ఇంట్లోని పాత పటం ఒకటి దించి, భూతద్దంతో కళ్ళు చూడండి. నల్లగుడ్డులో తెల్లటి చుక్క కనపడుతుంది. అది ఎదుట ఉన్న వెలుగు ప్రతిబింబం. చతురస్రంగా ఉంటే కిటికీ. అడ్డంగా పొడుగ్గా, కింది భాగం తెగి ఉంటే అరుగు మీద కూర్చున్నారన్నమాట, తెగిన చోట ఉన్నది ఎదురింటి కప్పు. ఆ రోజు ఆ వీధి మీద ఉన్న ఆకాశం ఆ కంట్లో ఇంకా ఉంది.

ఉండనిది పేరు. ప్రభుత్వం పూనికతో 1868 నుంచి 1875 వరకు ‘ది పీపుల్ ఆఫ్ ఇండియా’ అని ఎనిమిది సంపుటాలు వెలువడ్డాయి. అందులో చాలా ముఖాల కింద కులం, తెగ రాశారు. మనిషి పేరు రాయలేదు. 1931లో వాల్టర్ బెంజమిన్ అనే జర్మన్ రచయిత న్యూహేవెన్ బెస్త స్త్రీ ఫోటో చూసి, ఇక్కడ బతికిన ఈ మనిషి పేరేమిటని ఆ బొమ్మే మనల్ని నిలదీస్తుందన్న భావం రాశాడు. ఆమె పేరు ఎలిజబెత్ జాన్‌స్టన్ హాల్. స్కాట్లండ్ జాతీయ చిత్రశాల పట్టికలో ఆ పేరుతోనే ఆమె ఉంది. చేపలు అమ్ముకున్న మనిషి పేరు నూట ఎనభై ఏళ్ళు నిలిచింది, ఎవరో రాసిపెట్టారు కాబట్టి.

బయటి రాష్ట్రాల తెలుగువాళ్ళకు ఇది పరాయి కథ కాదు. 1936 ఏప్రిల్ 1న ఒరిస్సా ఏర్పడి గంజాం అటు వెళ్ళినప్పుడు మా తాతలు ఇల్లు కదలలేదు, సరిహద్దే కదిలింది. హోసూరు, బళ్ళారి వారిదీ యానాం వారిదీ వేర్వేరు తేదీలతో ఇలాంటి కథే. మనం ఇక్కడ ఎన్నాళ్ళుగా ఉన్నామని ఎవరైనా అడిగితే చూపించడానికి శాసనాలు అందరికీ ఉండవు. అరుగు మీద తీసిన పటం ఉంటుంది. అందులో వీధి ఉంటుంది, కట్టు ఉంటుంది, వెనక తెలుగులో రెండు ముక్కలు ఉంటాయి. ఆ తెలుగును మన మనవలు చదవలేని రోజు చాలా ఇళ్ళల్లో ఇప్పటికే వచ్చింది. చదవగల పెద్దలు పోయాక ఆ పటం ‘ఒక ముసలాయన, ఒక ముసలావిడ’ అయిపోతుంది.

అందుకని ఒక పని చేద్దాం. మెత్తటి పెన్సిలు తీసుకుని పటం వెనక అంచున తేలిగ్గా రాయండి. బాల్‌పెన్ను వద్దు, దాని నొక్కుడు ఇవతల ముఖం మీద తేలుతుంది. పేరు, ఇంటిపేరు, ఊరు, మనకు ఏమవుతారు అన్నవి తెలుగులో రాసి, దాని కిందే పిల్లలు బడిలో నేర్చిన లిపిలో కూడా రాయండి. ఒడియా కానివ్వండి, తమిళం, కన్నడం, మరాఠీ ఏదైనా కానివ్వండి. ఇకమీదట తీసే ఫోటోలు ఫోనులోనే ఉంటాయి; ఫోనులోని ఫోటోకు రాసుకోవడానికి వెనకవైపు లేదు. ఏడాదికి ఒకటైనా కాగితం మీద వేయించండి. తీసేటప్పుడు మాత్రం ఇంట్లో పెద్దవాళ్ళను ఎండలో నిలబెట్టకండి. చూరు కింద, గీతకు రెండు మూరలు ఇవతల, వీధి వైపు ముఖం పెట్టి కూర్చోబెట్టండి.